రీవెర్బ్‌ని వరుసలోంచి తప్పించండి

తిరుపతిలో కల్యాణ మండపంలో కచేరీ అయినా, రిసెప్షన్‌లో ఆర్కెస్ట్రా అయినా, బయటికొచ్చేవాళ్ల నోట తరచూ వినిపించే మాట ఒకటుంది: పాట బాగుంది, కానీ మాటలు తెలియలేదు. పాడినవాళ్లు మైకును తప్పుపడతారు, మైకు సెట్టు వాళ్లు హాలును తప్పుపడతారు. నేను మాత్రం ముందు చూడమనేది వేదిక మీదున్న మల్టీ ఎఫెక్ట్స్ ప్రాసెసర్‌ని, అంటే శబ్దానికి రకరకాల మార్పులు చేసే పెట్టెని. అందులో ఏ ఎఫెక్ట్ ఎంత పెట్టారన్నది తర్వాతి సంగతి. ఏది దేని వెనక ఉందో, ఏది పక్కదారిలో ఉందో ముందు తేల్చుకోవాలి.

ఇప్పుడు మన జిల్లాలో ఈ పెట్టె గిటారు వాళ్ల సొత్తు మాత్రమే కాదు. పికప్ (వాయిద్యం మోతను కరెంటు సంకేతంగా మార్చే పరికరం) పెట్టిన వయొలిన్, వీణ, మాండలిన్, చివరికి భజన బృందంలో గొంతు కూడా దీన్లోంచే వెళ్తున్నాయి. పెట్టెలో కంపెనీ నింపి ఇచ్చిన ప్రీసెట్లు, అంటే ముందే కుదిర్చిన అమరికలు, మాత్రం ఎలక్ట్రిక్ గిటారు కోసం తయారైనవి. వాటిలో ఎక్కువ భాగం కంప్రెసర్ (హెచ్చుతగ్గుల్ని సమం చేసేది), డ్రైవ్ (నాదాన్ని గరుకుగా చేసేది), యాంప్, క్యాబినెట్ (గిటారు యాంప్లిఫయర్, స్పీకర్ల నమూనాలు), కోరస్, డిలే (మారుమోత ఇచ్చేది), రీవెర్బ్ (హాలులో మిగిలే మోతను అనుకరించేది) అన్నీ ఒకే గీత మీద ఒకదాని వెనక ఒకటి నిలబడినవే. ఆ గీతను తెచ్చి కీర్తన మీద పెడితే వచ్చే చిక్కుల గురించే ఈ వ్యాసం.

నా వాదన చిన్నది. నాదాన్ని మార్చే ఎఫెక్ట్‌లు వరుసలో ఉండాలి. నాదానికి ఇంకొకటి చేర్చే ఎఫెక్ట్‌లు పక్కదారిలో ఉండాలి. గేట్ (చిన్న శబ్దాల్ని కోసేసేది), కంప్రెసర్, ఈక్యూ (కింది, పై స్థాయిల్ని పెంచి తగ్గించేది), డ్రైవ్ మార్చేవి. వాటి గుండా వెళ్లాక పాత నాదం మనకు అక్కర్లేదు. డిలే, రీవెర్బ్ చేర్చేవి. అసలు నాదం చెక్కుచెదరకుండా ఉండాలి, దాని పక్కన ఇవి రావాలి. కోరస్ రెండింటికీ మధ్యలో ఉంటుంది, దాని సంగతి కింద చెప్తాను.

ఇదేమీ కొత్త ఆలోచన కాదు. 1957లో వచ్చిన ఈఎంటీ 140 ప్లేట్ రీవెర్బ్ అంటే రెండు మీటర్ల పొడవు, మీటరు ఎత్తున్న ఉక్కు రేకును చట్రంలో వేలాడదీసిన యంత్రం. స్టూడియోలో అది వేరే గదిలో ఉండేది. మిక్సర్ నుంచి సెండ్ అనే తీగ మీద కొంత శబ్దం అక్కడికి వెళ్లేది, రేకు మీద మోగినది మాత్రమే రిటర్న్ తీగ మీద వచ్చి అసలు గొంతుతో కలిసేది. అంటే స్టూడియో రీవెర్బ్ పెరిగింది పక్కదారిలోనే. 1985లో యమహా ఎస్‌పీఎక్స్ 90 వచ్చినప్పుడు కూడా దాన్ని ఎక్కువగా మిక్సర్ ఆక్స్‌కే (పక్కదారికి శబ్దం పంపే అదనపు అవుట్‌పుట్‌కే) తగిలించారు. 1988లో బాస్ ఎంఈ-5 లాంటివి వచ్చి అన్ని పెడళ్లనూ ఒకే పెట్టెలో సర్దాయి. కాలితో నొక్కే గిటారు వాయిద్యకారుడికి అది గొప్ప సౌకర్యం. కానీ పెడళ్ల వరుస అలవాటు దాంతోపాటే వచ్చి, వయొలిన్‌కీ గొంతుకీ కూడా అంటుకుంది.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, న్యాయమైనదే. రీవెర్బ్ ఒక్కటే వాడి, మిక్స్ (మొత్తంలో ఎఫెక్ట్ పాలు) 25 శాతం పెడితే, లోపల జరిగేది కూడా అదే కదా? అసలు నాదం కొంత, రీవెర్బ్ కొంత పక్కపక్కనే నడిచి చివర కలుస్తాయి. నిజమే. ఒకే ఎఫెక్ట్ ఉన్నంతవరకూ వరుసకీ పక్కదారికీ పెద్ద తేడా లేదు. తేడా రెండో ఎఫెక్ట్ దగ్గర మొదలవుతుంది. డిలే తర్వాత రీవెర్బ్ వరుసలో ఉంటే, డిలే ఇచ్చిన ప్రతి మారుమోతా మళ్లీ రీవెర్బ్‌లోకి వెళ్తుంది. డిలే ఫీడ్‌బ్యాక్ (మారుమోతలో మళ్లీ డిలేలోకి వెళ్లే భాగం) 35 శాతం ఉంటే ఒక్కో మారుమోత ముందుదానికంటే సుమారు 9 డెసిబెల్స్ తగ్గుతుంది. 50 శాతం ఉంటే 6 డెసిబెల్సే తగ్గుతుంది. అలా నాలుగైదు మారుమోతలు, ఒక్కొక్కదానికీ రెండు సెకన్ల తోక, అంటే మెల్లగా చల్లారే మోత. సినిమా పాటలో లీడ్ గిటారు బిట్‌కి అది అందంగా ఉంటుంది. సాహిత్యానికి మాత్రం ఉండదు.

దానికి కారణం మన భాషలోనే ఉంది. తెలుగులో ద్విత్వాలు ఎక్కువ. "పట్టు" అన్నప్పుడు ట్ట దగ్గర నాలుక అంటుకుని, ఒక్క క్షణం గాలి ఆగి, అప్పుడు విడుదలవుతుంది. ఆ నిశ్శబ్దమే ఒత్తును చెవికి తెలియజేసేది. హాలు మోత (శబ్దం 60 డెసిబెల్స్ పడిపోవడానికి పట్టే కాలం) రెండు సెకన్లకు దగ్గరగా ఉంటే, సెకనులో పదో వంతు గడిచేసరికి తోక మూడు డెసిబెల్స్ మాత్రమే తగ్గుతుంది. అంటే ఆ నిశ్శబ్దం నిండిపోతుంది, ఒత్తు కరిగిపోతుంది. గాయకులు ఎంత స్పష్టంగా పలికినా లాభం లేదు.

ఇంతకీ హాలు మోత ఎంతుంటుంది? మన మండపాలు చాలావరకు గ్రానైట్ నేల, సున్నం గోడ, కాంక్రీటు కప్పు. 30 మీటర్ల పొడవు, 18 వెడల్పు, 6 ఎత్తు ఉన్న హాలును తీసుకోండి. ఘనపరిమాణం 3,240 ఘనపు మీటర్లు, లోపలి ఉపరితలం మొత్తం 1,656 చదరపు మీటర్లు. ఇలాంటి గట్టి ఉపరితలాలు సగటున 6 శాతం శబ్దాన్ని పీల్చుకుంటాయనుకుంటే, సబీన్ సూత్రం ప్రకారం ఖాళీ హాలులో మోత అయిదు సెకన్లు దాటుతుంది. నాలుగు వందల మంది కూర్చున్నాక, మనిషికి 0.45 చదరపు మీటర్ల చొప్పున వేసుకుంటే, అదే హాలులో మోత 1.9 సెకన్లకు దిగుతుంది. ఉజ్జాయింపు లెక్కే అయినా రెండు సంగతులు తేలుస్తుంది. ఒకటి, జనం నిండిన తర్వాత కూడా ఆ హాలుకు సొంత రీవెర్బ్ ఉంది, మనం ఇంకో రెండున్నర సెకన్ల హాల్ ప్రీసెట్ వేయక్కర్లేదు. రెండు, మధ్యాహ్నం ఖాళీ హాలులో సౌండ్ చెక్ చేసి కుదిర్చిన రీవెర్బ్ సాయంత్రానికి వేరేగా వినిపిస్తుంది, కాబట్టి దాన్ని కచేరీ మధ్యలో ఒక్క నాబ్‌తో సరిచేసే వీలుండాలి. వరుసలో ఉన్న రీవెర్బ్‌కి ఆ వీలు లేదు. అది ప్రీసెట్ లోపల ఉంది, ప్రీసెట్లు పదీ ఇరవై ఉన్నాయి.

ఇంకో సంగతి. వేదిక నుంచి వెనక గోడకు 28 మీటర్లు ఉంటే శబ్దం వెళ్లి తిరిగి రావడానికి 160 మిల్లీసెకన్లు పడుతుంది, మన ఎండాకాలపు గాలిలో అది సెకనుకు సుమారు 350 మీటర్లు పోతుంది గనక. అంటే హాలే ఒక డిలే ఇస్తోంది. దాని మీద 150 మిల్లీసెకన్ల స్లాప్ డిలే (ఒకే ఒక్క చిన్న మారుమోత) వేస్తే రెండూ ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి.

తాతయ్యగుంట గంగమ్మ జాతరలో వీధి వేదిక మీదో, వినాయక చవితికి కాణిపాకం చుట్టుపక్కల పందిళ్లలోనో పరిస్థితి పూర్తిగా వేరు. అక్కడ గోడ లేదు, కప్పు గుడ్డ. గొంతు పొడిగా, వట్టిగా వినిపిస్తుంది. అక్కడ 1.5 సెకన్ల ప్లేట్, 40 మిల్లీసెకన్ల ప్రీ-డిలేతో (రీవెర్బ్ మొదలయ్యే ముందు ఇచ్చే వ్యవధితో) వేస్తే ప్రాణం వస్తుంది. ఒకే బృందం ఇవాళ వీధిలో, రేపు మండపంలో, ఎల్లుండి మహతి ఆడిటోరియంలో పాడుతుంది. మూడు చోట్లా వయొలిన్ ఈక్యూ, కంప్రెసర్ దాదాపు అవే ఉండొచ్చు. రీవెర్బ్ మాత్రం అదే ఉండకూడదు. అందుకే దాన్ని వరుసలోంచి తీసి విడిగా పెట్టమంటున్నాను.

ఇక చేసే పద్ధతి. మీ పెట్టెలో సమాంతర దారి ఉంటే, అంటే శబ్దాన్ని చీల్చే స్ప్లిట్, మళ్లీ కలిపే మెర్జ్ బ్లాకులు ఉంటే, వరుస ఇలా వేయండి: మొదట గేట్ (వీణకు వద్దు, మీటు చివరి మోతను కోసేస్తుంది), తర్వాత ఈక్యూ, కంప్రెసర్. అక్కడ స్ప్లిట్. పై దారి ఖాళీగా వదిలేయండి, అది అసలు నాదం. కింది దారిలో రీవెర్బ్. డిలే కూడా కావాలి, మూడో దారి కూడా దొరుకుతుంది అనుకుంటే దానికి వేరే దారి. లేకపోతే అదే కింది దారిలో డిలే ముందు, రీవెర్బ్ వెనక, డిలే మిక్స్ బాగా తగ్గించి. కింది దారిలో చివరి ఎఫెక్ట్ మిక్స్ కచ్చితంగా వంద శాతం ఉండాలి. ఎంత కలపాలన్నది మెర్జ్ దగ్గర లెవల్‌తో తేల్చండి. మండపంలో అసలు నాదానికి 14 డెసిబెల్స్ కింద మొదలుపెట్టండి, వీధిలో 9 కింద.

ఆ వంద శాతం దగ్గరే చాలామంది పొరపడతారు. ప్రీసెట్‌లో ఉన్న 30 శాతం మిక్స్‌నే ఉంచి పక్కదారికి మార్చేస్తారు. అప్పుడు అసలు నాదం రెండు దారుల్లోనూ వస్తుంది. రెండూ ఒకేసారి చేరితే శబ్దం పెరుగుతుంది, సమానంగా ఉంటే 6 డెసిబెల్స్ దాకా. ఒకటి కొంచెం ఆలస్యంగా చేరితే ఇంకా పెద్ద నష్టం. ఒక మిల్లీసెకను తేడా చాలు: 500 హెర్ట్జ్, 1,500, 2,500 ఇలా వరుసగా గుంటలు పడతాయి. వయొలిన్ రేకు డబ్బాలోంచి మోగినట్టు ఉంటుంది. ఈక్యూ ఎంత తిప్పినా ఆ గుంటలు పూడవు, ఎందుకంటే అక్కడ శబ్దం తనను తానే రద్దు చేసుకుంది. ఇదే చిక్కు, వయొలిన్‌ను రెండుగా చీల్చి ఒకటి నేరుగా మిక్సర్‌కీ, ఇంకొకటి ప్రాసెసర్ గుండా మిక్సర్‌కీ ఇచ్చినప్పుడు కూడా వస్తుంది. డిజిటల్ పెట్టె శబ్దాన్ని లోపలికి తీసుకుని బయటికి పంపడానికి కొన్ని మిల్లీసెకన్లు తీసుకుంటుంది. పెట్టెలోంచి అసలు నాదం రాకుండా, రీవెర్బ్ మాత్రమే వస్తే ఆ ఆలస్యం ఎవరికీ తెలియదు. ప్రీ-డిలే మూడు మిల్లీసెకన్లు పెరిగిందంతే.

రెండో పొరపాటు ఇంకా మోసపూరితమైనది. కింది దారిలో ఉన్న రీవెర్బ్‌ని ఫుట్‌స్విచ్‌తో ఆఫ్ చేశారనుకోండి. చాలా యూనిట్లలో ఆఫ్ చేసిన బ్లాక్ శబ్దాన్ని ఆపదు, తనలోంచి అలాగే పోనిస్తుంది. అంటే కింది దారి ఇప్పుడు రెండో అసలు నాదం అయింది. రీవెర్బ్ ఆపితే శబ్దం తగ్గాల్సింది పోయి పెరుగుతుంది, మైకు కూత పెడుతుంది. మందు ఏమిటంటే, స్విచ్‌ను రీవెర్బ్ బ్లాక్‌కి కాకుండా, దానికి ముందు పెట్టిన వాల్యూమ్ బ్లాక్‌కి కట్టండి. నొక్కితే లోపలికి వెళ్లేది ఆగిపోతుంది, అప్పటికే లోపలున్న తోక దానంతటది చల్లారుతుంది. రీవెర్బ్ తర్వాత వాల్యూమ్ పెడితే తోక కత్తిరించినట్టు తెగుతుంది, అది వినడానికి బాగుండదు.

తక్కువ ధర పెట్టెల్లో ఈ సమాంతర దారి ఉండదు. జూమ్ జీ1 ఫోర్‌లో ఒకేసారి అయిదు ఎఫెక్ట్‌ల దాకా పెట్టొచ్చు గానీ అన్నీ వరుసే. దానికోసం కొత్త పెట్టె కొనక్కర్లేదు. పెట్టెనే పక్కదారిలో పెట్టండి. మిక్సర్ ఆక్స్ సెండ్ నుంచి పెట్టె ఇన్‌పుట్‌కి ఒక కేబుల్, పెట్టె అవుట్‌పుట్ నుంచి మిక్సర్‌లో ఖాళీగా ఉన్న చానల్ లైన్ ఇన్‌పుట్‌కి ఇంకొకటి. పెట్టెలో రీవెర్బ్ ఒక్కటే, వంద శాతం. ఆక్స్ పోస్ట్-ఫేడర్‌లో ఉండాలి. ప్రీ-ఫేడర్ అయితే గొంతు ఫేడర్ దించినా రీవెర్బ్ మోగుతూనే ఉంటుంది. రిటర్న్ వచ్చే చానల్‌లో అదే ఆక్స్ నాబ్‌ను సున్నాకు తిప్పి ఉంచండి. అది కొంచెం పైకి ఉన్నా రీవెర్బ్ మళ్లీ రీవెర్బ్‌లోకి వెళ్లి తిరుగుతూ తిరుగుతూ ఊళ పెడుతుంది. మిక్సర్ ఇచ్చే లైన్ లెవల్ గిటారు ఇన్‌పుట్‌కి చాలా ఎక్కువ, కాబట్టి ఆక్స్ మాస్టర్‌ని కింద మొదలుపెట్టి, గట్టిగా పాడించి, క్లిప్ లైటు వెలగనంత వరకే పెంచండి. రిటర్న్ చానల్‌లో 300 హెర్ట్జ్ కింద కోసేయండి, పైన 6 కిలోహెర్ట్జ్ దగ్గర దించండి. గొంతు మైకులోకి మృదంగం తొప్పి వైపు గుంకారం ఎప్పుడూ దూరుతూనే ఉంటుంది. అది రీవెర్బ్‌లోకి వెళ్తే హాలంతా బురదే. కింద కోస్తే ఆ బురద పోతుంది, పైన దించితే స, శ ల చీత్కారం తగ్గుతుంది.

ఈ అమరికను నేను ఇంతగా సమర్థించడానికి ఇంకో కారణం మన కచేరీ పద్ధతి. కర్ణాటక వయొలిన్ విద్వాంసులు బాసింపట్టు వేసుకుని కూర్చుంటారు, వయొలిన్ తల కుడి పాదం మీద ఆనుతుంది. ఎడమ చెయ్యి తంత్రుల మీద, కుడి చెయ్యి కమాను మీద. ఫుట్‌స్విచ్ నొక్కే కాలేదీ? పల్లవి నుంచి చరణానికి వచ్చేసరికి రీవెర్బ్ తగ్గించాలంటే ఆ మనిషికి వీలే లేదు. మిక్సర్ దగ్గర కూర్చున్న మనిషికి ఉంది. నిలబడి వాయించే గిటారు కోసం చేసిన పెట్టెలో అన్నీ కాలి కింద ఉంటాయని అనుకున్నారు, మనం ఆ ఊహను మోసుకు తిరగక్కర్లేదు. కాబట్టి కూర్చుని వాయించేవాళ్ల పెట్టెలో మార్చే ఎఫెక్ట్‌లు మాత్రమే ఉంచి, చేర్చేవాటిని మిక్సర్‌కి అప్పగించడం మేలు.

వయొలిన్ పెట్టెలో ఇంకా చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. పీజో పికప్‌ను నేరుగా మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌కి ఇస్తే కింది స్థాయి పోయి కీచుగా ఉంటుంది, దానికి ఒక మెగా ఓమ్ లేదా అంతకంటే ఎక్కువ నిరోధం ఉన్న ఇన్‌పుట్ కావాలి. గిటారు ప్రాసెసర్‌లో అది ఉంటుంది, వయొలిన్‌కి ఆ పెట్టె అసలు ఉపయోగం అదే. యాంప్, క్యాబినెట్ బ్లాకులు తీసేయండి. గిటారు స్పీకర్ నమూనా 5 కిలోహెర్ట్జ్ పైన దాదాపు అంతా మింగేస్తుంది, కమాను గీత వినపడదు. కంప్రెసర్‌లో మేకప్ గెయిన్ (తగ్గినదాన్ని తిరిగి పెంచే మోతాదు) 10 డెసిబెల్స్ పెడితే, మెల్లగా వాయించినప్పుడు మైకు కూతకు మీరు 10 డెసిబెల్స్ దగ్గరయ్యారని గుర్తుంచుకోండి. 3 డెసిబెల్స్ దాటకండి. కంప్రెసర్‌ను రీవెర్బ్ తర్వాత మాత్రం ఎన్నడూ పెట్టకండి, తోకల్ని పైకి లాగుతుంది.

కోరస్ సంగతి చెప్తానన్నాను. అది శ్రుతిని కొంచెం పైకీ కిందికీ ఊపి అసలుతో కలుపుతుంది. తోడి గాంధారం లాంటి చోట ఊపు ఎంత, ఎక్కడ మొదలై ఎక్కడ తేలాలన్నది రాగానికి ప్రాణం. దాని మీద యంత్రం ఇంకో ఊపు ఊపితే గమకం మసకబారుతుంది. కీర్తనకు కోరస్ ఏ దారిలోనూ వద్దు. హార్మనైజర్‌కి (స్వరానికి తోడు స్వరం చేర్చేదానికి) శ్రుతి చెప్పాలంటే ఒకటిన్నరకు సీ షార్ప్, ఐదున్నరకు జీ షార్ప్ అని పెట్టుకోవచ్చు గానీ, గమకం మధ్యలో అది ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు గెంతుతుంది. సినిమా పాటల ఆర్కెస్ట్రాలో వాడేవాళ్లు దాన్ని డిలే, రీవెర్బ్‌లకు ముందు పెట్టాలి, ఒక్క స్వరం శుభ్రంగా వినిపిస్తేనే అది పట్టుకోగలదు.

డిలే కావాలనుకుంటే కాలం లయకు కుదరాలి. నిమిషానికి 72 దెబ్బల ఆది తాళంలో దెబ్బకు 833 మిల్లీసెకన్లు, చతురశ్రంలో నాలుగో వంతు 208. ఖండ చాపులో అయిదు అక్షరాలు. అక్షరం 200 మిల్లీసెకన్లయితే డిలే 400 పెట్టండి, మూడో అక్షరం మీద పడి తాళంలో ఇముడుతుంది. ట్యాప్ స్విచ్ (తట్టి వేగం చెప్పే స్విచ్) మీద అక్షరాలు తట్టాలని చూస్తే నిమిషానికి 300 అవుతుంది. చాలా యూనిట్లలో ట్యాప్ 240, 250 దగ్గరే ఆగుతుంది, కాబట్టి మిల్లీసెకన్లలోనే నేరుగా పెట్టాలి. ఫీడ్‌బ్యాక్ 25 శాతం దాటొద్దు.

అవుట్‌పుట్ దగ్గర ఒక జాగ్రత్త. మన మండపాల్లో బాక్సులు చాలావరకు మోనోలో నడుస్తాయి. ప్రాసెసర్ లెఫ్ట్, రైట్ రెండూ తెచ్చి వై-కేబుల్‌తో ఒకటి చేయకండి. వెడల్పు కోసం రైట్‌లో తలకిందులు చేసిన భాగం లెఫ్ట్‌తో కలిసి రద్దయి, హెడ్‌ఫోన్లలో నిండుగా ఉన్న రీవెర్బ్ బాక్సుల్లో మాయమవుతుంది. మోనో అని రాసి ఉన్న జాక్ ఒక్కటే వాడండి, రెండోది ఖాళీగా ఉంటే పెట్టె తానే మోనో చేసి ఇస్తుంది.

కరెంటు సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. జీ1 ఫోర్‌కి 9 వోల్టులు, 500 మిల్లీయాంపులు చాలు. లైన్ 6 హెచ్‌ఎక్స్ స్టాంప్‌కి అదే 9 వోల్టులు గానీ 3 యాంపులు కావాలి. రెండూ మధ్యలో నెగటివ్. మొదటిదాని అడాప్టర్ రెండోదానికి పెడితే అది లేవదు, లేచినా పాట మధ్యలో పడిపోతుంది. పందిట్లో జనరేటర్ మార్చేటప్పుడు పెట్టె మళ్లీ మొదలవడానికి సమయం తీసుకుంటుంది, చిన్న యూపీఎస్ ఉంటే ఆ ఇబ్బంది లేదు. హమ్ము వస్తే ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేసేవాళ్లున్నారు. ఆ పని ప్రాణం మీదికి తెస్తుంది. మైకు మీద పెదవి, తంత్రి మీద వేలు ఉన్న మనిషి గుండా కరెంటు దారి వెతుక్కుంటుంది. ప్రాసెసర్‌కీ మిక్సర్‌కీ మధ్య డీఐ బాక్స్ (వాయిద్యపు శబ్దాన్ని మిక్సర్‌కి తగినట్టు మార్చే పెట్టె) పెట్టి, దాని గ్రౌండ్ లిఫ్ట్ నొక్కండి. హమ్ము అక్కడే పోతుంది, ఎర్త్ అలాగే ఉంటుంది.

ఇక మైకు సెట్టు వాళ్లతో ముందే మాట్లాడుకోవాల్సిన విషయం ఒకటుంది. చాలా మిక్సర్లలో సొంత ఎఫెక్ట్ ఉంటుంది, అలవాటుగా దాన్ని కూడా ఆన్ చేసి ఉంచుతారు. వాయిద్యకారుడి పెట్టెలో ఒక రీవెర్బ్, మిక్సర్‌లో ఒకటి, హాలుది ఒకటి, మొత్తం మూడవుతాయి. రీవెర్బ్ ఎవరి చేతిలో ఉంటుందో ఒక్కరికే అప్పగించండి. మానిటర్లలోకి దాన్ని పంపొద్దని చెప్పండి, గాయకులు కొంచెం కావాలని అడిగితే తప్ప. జనం రాకముందు సౌండ్ చెక్‌లో రిటర్న్ ఫేడర్‌ను పూర్తిగా దించి, ఒట్టి గొంతుతో, ఒట్టి వయొలిన్‌తో ఈక్యూ, లెవల్స్ కుదుర్చుకోండి. హాలు నిండి మొదటి కీర్తన పల్లవి రెండోసారి పాడేటప్పుడు ఫేడర్‌ను మెల్లగా పైకి తీసుకెళ్లండి. చివరి వరుసలో నిలబడ్డ మనిషికి ఒత్తక్షరం చెదిరిన చోట ఆపి, అక్కడి నుంచి 3 డెసిబెల్స్ దించి వదిలేయండి.